మంచుదారి పండుగ వయసెంత

డిసెంబరు 11, సాయంత్రం నాలుగు

తెల్లబంద చేరాను. నేనెవరో ఎవరికీ చెప్పలేదు. చలికాలపు చిన్న పండుగలు చూస్తూ తిరిగే పర్యాటకురాలినని పేరు రాయించుకున్నాను. దిగి అరగంట కాలేదు, ఒకావిడ సత్తు గ్లాసులో చోడంబలి, అదే రాగి జావ, తెచ్చి చేతిలో పెట్టి, "తనికీ మేడంగారూ, ఏడి మీదుంది, తాగండి" అంది.

ఆవిడ పేరు కొర్రా రాజులమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. ఇక్కడి గుడారాలన్నీ చూసుకునేది ఆవిడే.

"నేను తనిఖీకొచ్చానని ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఆడమనిషి ఒక్కతీ వొచ్చి, మంచం ఎలగుందో సూడకుండా మంచం కింద ఏటుందో సూసింది. ఇంకెవరుంటారు?" అంది.

సరే, దాచి లాభం లేదు. ముందు ఆవిడ చేత ఒక గుక్క తాగించి, తర్వాత నేను తాగాను. అంబలి బాగుంది. మొదటి రోజే అంత బాగుండటం నాకు నచ్చలేదు. నచ్చచెప్పాలని చూసేవాళ్లే మొదటి రోజు బాగా పెడతారు.

నా పేరు కర్రి వరహాలమ్మ. సెలవుల శాఖలో ఏడేళ్లుగా పండుగలు తనిఖీ చేస్తున్నాను. వందేళ్లు దాటి, ఇంకా బతికున్న పండుగకే సెలవు, చచ్చిన పండుగకు లేదు. చలికాలంలో సెలవులు తక్కువ కాబట్టి డిసెంబరు రాగానే ఊరూరా తాతల నాటి పండుగలు మొలుచుకొస్తాయి. ఈ నెలలోనే రెండు చూసి కొట్టేశాను. ఒకటి గొంగళి నాడు, రెండోది వేరుశనగ మౌనం. ఆ రెండోదాంట్లో ఊరంతా నోరు మూసుకుని వేరుశనగలు వొలుచుకు తినాలట. ఎప్పటి నుంచి చేస్తున్నారని అడిగితే, మౌనం కదా, చెప్పకూడదని సైగ చేశారు.

బయట బోర్డు మీద గ్లాంపింగ్ అని రాసుంది. ఊళ్లోవాళ్లు సోకు గుడారాలంటారు. మొత్తం పన్నెండు. లోపల పరుపు, వెచ్చబడే గోడ, వేడినీళ్ల స్నానాలగది. పండుగ బతికుందనడానికి బయటి మనుషులు కనీసం ఇరవైమంది వచ్చి చేసుకోవాలని నిబంధన, అందుకే ఈ రోజుల్లో ప్రతి చిన్న పండుగ పక్కనా నాలుగు గుడారాలుంటాయి. నా పక్క గుడారంలో భార్యాభర్తలు పండుగలు సేకరిస్తున్నారట. ఇది వాళ్లకు నలభై మూడోది. అన్నిచోట్లా అక్కడి సరుకు తాగి, ఫొటో దిగి, తర్వాతి పండుగకు పోతారు.

ఇక్కడి పండుగ పేరు మంచుదారి. కొండ మీది మంచు ఊళ్లోకి దిగడానికి దారి వదిలే పండుగట. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ కొండ కొమ్ము మీద ఏ అడ్డూ ఉండకూడదట. కొమ్ము మీద ఏముందో గుడారంలోంచే కనిపిస్తోంది. మంచు వలలు. వచ్చిన మంచునంతా అక్కడే పట్టి, నీళ్లు చేసి, గొట్టాల్లో కిందికి మా నగరానికి పంపుతాయి. పండుగను నేను గుర్తిస్తే, ఏటా తొమ్మిది రోజులు ఆ వలలు దించి తీరాలి.

ఊరికి ఏది కావాలో పండుగకూ సరిగ్గా అదే కావాలట. ఏడేళ్ల ఉద్యోగంలో ఇలాంటి పండుగను ఒక్కదాన్నీ నమ్మలేదు.

డిసెంబరు 12, ఉదయం ఎనిమిది

జీలుగు కల్లు గీసే పాంగి బొంజయ్య దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. నేను వెళ్లేసరికి చెట్టు మీద నుంచి కుండతో దిగుతున్నాడు. కుండలో అడుగున నాలుగు వేళ్ల మందాన కల్లుంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఒకప్పుడు కుండ నిండి పొర్లీది. మంచు తగల్దే గెల ఎలగ ఊరతాది? నలభై సెట్లుండీవి. ఇప్పుడు పదకొండు."

"మంచుదారి పండుగ ఎప్పటి నుంచి చేస్తున్నారు?"

"నూటయాభై ఏళ్ల నుంచి."

"సరిగ్గా నూటయాభయ్యా?"

"నూటనలభై తొమ్మిదంటే నమ్మేత్తారేటి?" అన్నాడు.

ముసలాయన నోరు మంచిది కాదు. అది పండుగకు అనుకూలంగా రాసుకున్నాను. దొంగ పండుగల్లో ముసలివాళ్లు చాలా మర్యాదగా మాట్లాడతారు.

పండుగ రాయి కూడా చూపించాడు. తొలి కుండ దించినప్పుడు మొదటి దోసెడు కల్లు ఆ రాతి గుంటలో మంచుకి పోస్తారట. గుంట నున్నగా, పాతగా ఉంది. పాతదే కావచ్చు. అయితే చోళ్లు దంచిన గుంట కూడా ఇలాగే ఉంటుంది. ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

తనిఖీదారుల చేతిపుస్తకంలో నాలుగో అధ్యాయం నేను రాసిందే. నిజమైన పండుగలో మూడు తప్పనిసరిగా కనిపిస్తాయి. ఒకటి తగువు: ఎలా చేయాలో ఇద్దరికి పడదు. రెండు విసుగు: ఏటా చేసే చాకిరీ కాబట్టి ఎవరో ఒకరు సణుగుతారు. మూడు మరుపు: ఏదో ఒకటి తేవడం మర్చిపోయి నాలుక కరుచుకుంటారు. ఈ మూడూ లేకుండా అందరూ నవ్వుతూ తిరుగుతుంటే అది నాటకం.

తెల్లబందలో పొద్దున్నుంచి అందరూ నవ్వుతూనే తిరుగుతున్నారు.

డిసెంబరు 12, మధ్యాహ్నం

రాయి దగ్గర అతిథులకు తంతు వివరిస్తున్నారు. రాజులమ్మ కల్లు ముంత ఎత్తింది. ఆవిడ పెనిమిటి చెల్లెలు చిలకమ్మ వచ్చి ముంత పట్టుకుంది.

"కుడేపు కాదు వదినా, ఎడమేపు. మా యమ్మ ఎప్పుడూ ఎడమేపే నిలబడి పోసీది. నేను కళ్లారా సూసినాను."

"మీ యమ్మ నాకు అత్త. పదేళ్లు ఆవిడ పక్కన నిలబడినాను. కుడేపు."

"వొచ్చిన కోడలివి, నీకేటి తెలుసు?"

"వొచ్చిన కోడలే సేస్తంది ఇరవయ్యేళ్లై. పుట్టిన కూతురేటి సేసింది?"

చిలకమ్మ ముంత వదిలేసి విసురుగా వెళ్లిపోయింది. బొంజయ్య దూరం నుంచి "ఏటా ఇదే గోల" అని సణిగాడు. పక్క గుడారం దంపతులు ఫొటో తీసుకున్నారు.

ఏడేళ్లలో ఇంత మంచి తగువు నేను చూడలేదు. నిజం చెప్పాలంటే కడుపు నిండినట్టయింది. ఒకే మనిషి ఒకరికి అమ్మ, ఇంకొకరికి అత్త, ఇద్దరికీ రెండు జ్ఞాపకాలు. ఇది కల్పించేది కాదు. తగువు ఎదురుగా "ఉంది" అని రాశాను, విసుగు ఎదురుగా కూడా. సాయంత్రం రాజులమ్మ ఇచ్చిన కల్లు కాస్త పులుపెక్కినా అడిగి రెండోసారి పోయించుకున్నాను.

డిసెంబరు 13, ఉదయం పదకొండు

నన్ను నేను తిట్టుకుంటూ రాస్తున్నాను.

పొద్దున బస్సులో ఇంకో జట్టు అతిథులు దిగారు. నేను కాఫీ తోటలో నడిచి వస్తుంటే రాయి దగ్గర గొంతులు వినబడ్డాయి. "కుడేపు కాదు వదినా, ఎడమేపు." ఆగిపోయాను. పొద వెనక నిలబడి మొత్తం విన్నాను. ఒక్క మాట తేడా లేదు. "కళ్లారా" అన్నప్పుడు చిలకమ్మ చెయ్యి నిన్న ఎంత ఎత్తు లేచిందో ఇవాళా అంతే లేచింది. బొంజయ్య "ఏటా ఇదే గోల" అన్నాడు.

నేరుగా కల్లుపాకలోకి వెళ్లాను. ఇప్పసారా జాడీల వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. "తగువు: రాజులమ్మ, చిలకమ్మ, పొద్దుట పది గంటలు. విసుగు: బొంజయ్య. మరుపు:" అని రాసుంది. మరుపు పక్కన ఎవరి పేరూ లేదు.

రాజులమ్మ ముంతతో లోపలికొచ్చి నన్నూ కాగితాన్నీ చూసింది. కంగారు పడలేదు. ముంత కింద పెట్టింది.

"ఏటి సేయాల మరి? తగువుండాలని మీరే రాసినారు కదా, నాలుగో పాఠంలో. మేం తెప్పించుకుని సదివినాం. సెప్పిందల్లా సేసినాం."

"అది మీరు చేయడానికి రాయలేదు. నేను చూసుకోడానికి రాశాను."

"పుస్తకంలో ఆ ముక్క లేదు" అంది.

ఒళ్లు మండిపోయింది. "ఈ పండుగ ఎప్పుడు పుట్టించారు?" అన్నాను.

"మూడేళ్ల కిందట. ఈ పాకలోనే. మా అత్త ఉన్నప్పుడు పండగా లేదు, పాడూ లేదు. మంచు ఊరికే దిగీది. దిగినదానికి పండగెవరు సేస్తారు?"

బల్ల మీద కూర్చుంది. మళ్లీ తనే అందుకుంది.

"మంచు దిగక మేం తాగీ నీళ్ల ఊట దారంలాగ అయిపోనాది. ఇంకో రెండు సలికాలాలు ఇలగే ఉంటే ఊరు దిగిపోవాల. ఎక్కడికెల్తాం? మీ నగరానికే. మా నీళ్లెల్లిన దారినే మేమూ. అర్జీలెట్టినాం, వలలు దించమన్నాం. కుదరదన్నారు. పండగైతే దించుతారని తెలిసింది. పండగ సేసినాం."

మా ఇంటి కుళాయిలో వచ్చేవి ఆ నీళ్లే.

"మీ ఊరి పండగ కూడా మీరే కొట్టేసినారంట కదా?" అంది.

ఇది ఎవరు చెప్పారో అడగలేదు. నిజమే. మా ఊరు అనకాపల్లి దగ్గర. చలికాలంలో మొదటి బెల్లం వండే రోజు పొయ్యి ముందు దీపం పెట్టేవాళ్లు. పాకం దీపం అనేవాళ్లం. నా మొదటి ఏడు తనిఖీలో అదే నాకు పడింది. వెళ్లి చూస్తే ఊళ్లో దీపం పెట్టేది ఒక్కతే, మా అప్ప. నా తోడబుట్టిన పెద్దది. ఒక్కరు చేస్తే అది అలవాటు, పండుగ కాదు. ఉన్నదున్నట్టు రాశాను. ఆ రోజు నుంచి మా అప్ప నాతో మాట్లాడదు. ఏడాదికి నాకుండే తొమ్మిది రోజుల సెలవూ పెట్టి ఆ ఊరు వెళ్తాను. తలుపు తీయదు. అరుగు మీద కూర్చుని తిరిగొస్తాను.

"రాసినప్పుడు సెయ్యి ఆగలేదేటి?" అంది రాజులమ్మ.

"లేదు" అన్నాను. "రేపు ఇక్కడా ఆగదు."

"రాయండి. రేపొక్క రోజు వలలు దించుతారు కదా తనికీ కోసం. అది సూసి రాయండి" అని ముంత తీసుకుని వెళ్లిపోయింది.

డిసెంబరు 14, ఉదయం పది

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిబంధన ప్రకారం తనిఖీ ఆఖరి రోజు పండుగ పూర్తిగా చేసి చూపించాలి. అందుకని తెల్లారగానే వలలు దించారు. ఆరున్నరకు అందరం రాయి దగ్గర చేరాం. ఇరవైనలుగురు అతిథులు, ఊరి జనం, నేను. ఆరు ముప్పావుకు రాజులమ్మ తంతు మొదలుపెట్టాలి. నేను గడియారం చూసుకుంటున్నాను, ఈసారి ఏ నాటకం ఆడతారోనని.

మంచు కొమ్ము దాటింది. ముందు కాఫీ తోట మీదికి, తర్వాత పాకల మీదికి దిగింది. చప్పుడు లేదు. ఇళ్లు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. జీలుగు ఆకుల మీద నుంచి నీళ్లు టపటపమని రాలడం మొదలైంది.

ఎవరూ కదల్లేదు. బొంజయ్య చెట్టుకు చెవి ఆనించి నిలబడ్డాడు. చిలకమ్మ ఒక తడి ఆకు తెంపి మొహానికి రుద్దుకుంటోంది. రాజులమ్మ చేతులు రెండూ ముందుకు చాపి, తడిసిన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది. ఆరు ముప్పావు అయింది. ఏడయింది. పక్క గుడారం ఆయన "కల్లెప్పుడు పోస్తారండీ?" అని మూడుసార్లు అడిగాడు. ఆయన ఉన్నాడని కూడా ఎవరికీ గుర్తు లేదు.

అప్పుడు నా మోకాళ్లకు ఏదో చుట్టుకుంది. రాజులమ్మ మనవరాలు సుకిరి. నాలుగేళ్లది. వలలు కట్టి తొమ్మిదేళ్లయింది కాబట్టి ఆ పిల్ల పుట్టాక ఊళ్లోకి మంచు రాలేదు. మొహం నా చీరలో దాచుకుని, "ఇల్లు పోనాది, ఇల్లు పోనాది" అని వెక్కుతోంది. ఒళ్లంతా వణుకు. నిన్నటి దాకా నా దగ్గరికి కూడా రాని పిల్ల. ఎత్తుకున్నాను. మెడ గట్టిగా పట్టేసుకుంది.

ఏడుపు విని రాజులమ్మ ఉలిక్కిపడింది. "చిలకా, పిల్లెక్కడే? నీకే కదా ఒప్పగించినాను."

"నాకెప్పుడు ఒప్పగించినావు? నీ సంకలోనే ఉన్నాది."

"పక్కనే లోయుంది, దారి కనబడ్డం లేదు, నువ్వు ఆకులు రాసుకుంటన్నావు."

"నువ్వేటి సేస్తన్నావు? మా యమ్మ... ఒక్కపాలి మంచు సూసి పోతానని... లోయలోకి నీళ్లకి పంపినావు ఆ రోజు, మళ్లీ రానేదు, నువ్వే పంపినావు..."

"నేను పంపలేదు. తనే ఎల్లింది. ఒద్దన్నాను, ఎన్నిసార్లు ఒద్దన్నాను..."

ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక్క వాక్యమూ పూర్తి కావడం లేదు. కుడి ఎడమల ఊసే లేదు. చివరికి ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. "నోళ్లు ముయ్యండి" అని అరిచాడు బొంజయ్య. "సినుకుల సప్పుడు ఇననివ్వరు. తొమ్మిదేళ్లై సచ్చిపోనాను దీని కోసం."

తొమ్మిదింటికి గానీ రాజులమ్మకు స్పృహ రాలేదు. రాతి గుంట వైపు చూసింది. అప్పటికే అది మంచు నీళ్లతో నిండి ఉంది. పక్కన తొలి కుండ మూత కూడా తీయకుండా ఉంది. నా వైపు చూసిన చూపులో అంతా అయిపోయిందని ఉంది.

"పొయ్యడం మర్చిపోనాం" అంది.

పిల్లను దింపి పుస్తకం తీశాను.

డిసెంబరు 14, మధ్యాహ్నం రెండు

నివేదికలో రెండు గడులే ముఖ్యం. పండుగ వయసు. పండుగ బతికుందా లేదా.

గంటన్నర కూర్చున్నాను. నాకు నా మీదే అనుమానం వచ్చింది. పిల్ల మెడ పట్టుకున్నందుకు మెత్తబడ్డానా? అందుకే మళ్లీ మొదట్నుంచి లెక్క చూసుకున్నాను. ఇద్దరి తగువుకు తలా తోకా లేదు, ఎవరూ రాసివ్వలేరు. ముసలాయన విసుగు మనస్ఫూర్తిగా విసుగే. మరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, అసలు తంతే మర్చిపోయారు. నాలుగేళ్ల పిల్లకు ఆ వణుకు ఎవరూ నేర్పలేరు.

వయసు దగ్గర "ఒక రోజు" అని రాశాను. బతికుందా అన్నచోట "అవును" అని రాశాను. రెండూ నిజమే.

రాజులమ్మను పిలిచి చూపించాను. ఆవిడ మొహం వాడిపోయింది. "ఒక రోజేటి? ఇలగ రాస్తే పైన కొట్టేస్తారు. వందేళ్లుండాల కదా?"

"వెనక పేజీ చూడు."

వెనక పేజీలో ముప్పై ఒకటో నిబంధన ఉంది. వందేళ్లు లేని పండుగకు తనిఖీదారు పూచీ పడవచ్చు. అలా పూచీ పడినవాళ్లు తమ తొమ్మిది రోజుల సెలవూ ఏటా ఆ పండుగలోనే గడపాలి. ఒక్క ఏడు రాకపోయినా పండుగ రద్దు. ఏడేళ్లలో ఈ నిబంధన ఎవరూ వాడగా నేను చూడలేదు. ఎవరు వాడతారు, ఉన్నదే తొమ్మిది రోజులు. ఆ పూచీ కింద నా సంతకం ఉంది.

రాజులమ్మ రెండుసార్లు చదివింది. కాగితం తిప్పి మళ్లీ ముందువైపు చూసింది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది, మొదటి రోజు నేను ఆవిడ అంబలిని చూసినట్టు.

"ఎందుకు?" అంది.

"నాకూ అదే అనుమానంగా ఉంది" అన్నాను.

ఆవిడ పాకలోకి వెళ్లి తొలి కుండ కల్లు తెచ్చింది. అలవాటు ప్రకారం ముందు తను తాగబోయింది. ముంత లాక్కుని నేనే ముందు తాగాను. బాగా పులిసిపోయింది. ముంత దించకుండా తాగేశాను.

సాయంత్రం మా అప్పకు ఉత్తరం రాశాను. ఇక నుంచి నీ అరుగు మీదికి రాలేను, నా తొమ్మిది రోజులూ తెల్లబందకు ఇచ్చేశాను, నీకు చలి పడదని తెలుసు, అయినా వీలైతే వచ్చే ఏడు రా అని. జవాబు వస్తుందని ఆశ లేదు.

మరుసటి ఏడు, డిసెంబరు 12, ఉదయం

నిన్న వలలు దించారు. తొమ్మిది రోజులు. ఊట ఇంకా సన్నగానే ఉంది, కానీ ఊరు దిగిపోలేదు. ఒక్క రాత్రి మంచుకే బొంజయ్య కుండ సగానికి వచ్చింది. నేను వచ్చానని సంతకం తీసుకోవడానికి శాఖ నుంచి ఒక కొత్త కుర్ర తనిఖీదారిణి వచ్చింది. గుడారంలోకి పోగానే మంచం కింద చూసింది. రాజులమ్మ నన్ను చూసి కన్ను గీటింది.

మా అప్ప వచ్చింది. నిన్న మధ్యాహ్నం బస్సు దిగి, సంచీ నా చేతికిచ్చి, ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట అంది: "ఈసారి ఎవరి పండగ కొట్టీడానికొచ్చినావు?" సంచీలో మట్టి ప్రమిద, బెల్లం అచ్చు ఉన్నాయి. రాత్రి భోజనాల ముందు ఆ ప్రమిద కల్లుపాక పొయ్యి దగ్గర వెలిగించింది. ఎవరినీ అడగలేదు. సుకిరి పక్కన కూర్చుని బెల్లం అంతా తినేసింది.

పొద్దున తంతు అయింది. కొత్త పిల్ల అడిగితే పనికొస్తుందని రాసి ఉంచుతున్నాను.

తగువు: ఉంది. "వరహాలమ్మ వాళ్లప్పని నా పక్కనే కూకోబెట్టాల" అని రాజులమ్మ, "మొన్నొచ్చిన కోడలివి, నీ పక్కనెందుకు, నా పక్కన" అని చిలకమ్మ. ఇంకా తేలలేదు.

విసుగు: ఉంది. మా అప్ప. దిగిన దగ్గర్నుంచి చలి చలి అని సణుగుతోంది, అంబలిలో ఉప్పెక్కువంటోంది, వెళ్దామంటే మాత్రం లేవదు.

మరుపు: తనిఖీ పుస్తకం ఇంటి దగ్గర బల్ల మీదే మర్చిపోయి వచ్చాను. ఇదంతా రాజులమ్మ ఇచ్చిన పాత కాగితం వెనక రాస్తున్నాను. నిరుడు జాడీల వెనక గోడకు అంటించిన కాగితమే ఇది. తిప్పి చూస్తే, ముందువైపు మరుపు పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ నా పేరు రాశాను.